నెలకు ఏడువందల కిలోమీటర్లు

ఆ వర్క్‌షాపులో ఆవిణ్ణి మేడం అని పిలిచేవాళ్ళు లేరు. అందరికీ వదినే. ఆడపడుచు చిట్టి మొదటిరోజు నుంచీ "వదినా, వదినా" అంటూ మిషన్ల మధ్య తిరగడంతో పనివాళ్ళకూ అదే నోటికి పట్టేసింది. కొరియర్ తెచ్చే నడివయసాయన కూడా "వదినగారూ, ఇక్కడో సంతకం" అనేవాడు.

కళ్ళజోళ్ళకు అద్దాలు తయారుచేసే వర్క్‌షాపు అది. డాక్టరు రాసిన పవరుకు తగ్గట్టు అద్దాన్ని అరగదీసి, పాలిష్ పట్టి, అంచులు తీసి ఫ్రేములో కూర్చేదాకా పనంతా అక్కడే జరుగుతుంది. కళ్ళజోళ్ళ షాపులూ ఆస్పత్రులూ ఆర్డర్లిస్తే మూడోరోజుకల్లా ట్రేల్లో సర్ది పంపుతారు. పద్నాలుగేళ్ళ కిందట రెండు పాత మిషన్లు పెట్టుకుని, ఒక షట్టరు గదిలో వదినా చిట్టీ కలిసి మొదలుపెట్టారు. అద్దం పని వదినది. వేలితో అంచు తడిమి ఎక్కడ మందం ఎక్కువైందో చెప్పగల మనిషి. చిట్టిది మాట పని. షాపులన్నీ తిరగడం, ఆర్డర్లు తేవడం, ఆలస్యమైతే సర్దిచెప్పడం, అలిగినవాళ్ళను నవ్వించడం. "నువ్వు లోపల అరగదియ్యి, నేను బయట అరిగిపోతాను" అనేది చిట్టి. ఎన్నిసార్లు విన్నా వదినకు నవ్వొచ్చేది.

వదిన భర్త, అంటే చిట్టి అన్నయ్య, ఒక కాలేజీలో లైబ్రేరియన్. ఇంట్లో గొంతు పెంచి ఎరగడు. గొడవ వచ్చేట్టుంటే లేచి పేపరు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోతాడు. అది ఆయన మంచితనమని వదిన అందరితో చెప్పుకునేది. చిట్టి అదే ఇంటి పై అంతస్తులో ఒక్కతే ఉండేది. వంట మాత్రం కిందే, ముగ్గురికీ కలిపి.

కారు ప్రస్తావన తెచ్చింది చిట్టే.

"పెద్దాస్పత్రి వాళ్ళ మీటింగుకి వెళ్ళాను వదినా. గేటు దగ్గర సెక్యూరిటీ మన బండి చూసి, సామాన్లు దించేది వెనకవైపు అన్నాడు. నా పట్టుచీరకి కూడా విలువ లేకుండా పోయింది."

వదిన పడిపడి నవ్వింది కానీ, మాట మనసులో పడింది. నిజమే, పాత చిన్నకారు తలుపు రెండుసార్లు గట్టిగా వేస్తే గానీ పడదు. వర్క్‌షాపు ఇప్పుడు పదకొండుమందికి పని ఇస్తోంది. ఒక మంచి బండి, పెద్ద సెడాన్, పెద్దవాళ్ళ గేటు ముందు తలెత్తుకు నిలబడే బండి కొనుక్కోవడంలో తప్పేముంది?

మిషనుకు పాలిష్ గుడ్డ కొనాలన్నా మూడుచోట్ల వాకబు చేసే మనిషి వదిన. కారంటే ఇంకేం చెప్పాలి. మూడువారాలపాటు పెట్రోలు బండికి ఎంత మైలేజీ, డీజిల్‌కి ఎంత, హైబ్రిడ్‌కి ఎంత అని చదివి, ఒక ఆర్డరు ఫారం వెనక రాసుకుంది. శనివారం పొద్దున ఇద్దరూ షోరూముకు వెళ్ళారు.

అక్కడి సేల్స్ ఆవిడ జుట్టు నెరిసిన మనిషి. కాఫీ తెప్పించి, బొమ్మల పుస్తకం తెరవకుండానే అడిగింది.

"ముందు ఒక్క సంగతి చెప్పండి. నెలకెన్ని కిలోమీటర్లు తిరుగుతుంది బండి?"

"ఏడువందలు. మహా అయితే ఎనిమిది. అదీ ఊళ్ళోనే" అంది వదిన.

చిట్టి పక్కనున్న కారు సీటు మీద చెయ్యి వేసి, తోలు మెత్తగా ఉందో లేదో చూస్తోంది.

"అయితే డీజిల్ వద్దండి. అమ్ముకునేదాన్నయి ఉండీ చెప్తున్నాను. హైవే మీద లీటరుకి పంతొమ్మిదీ ఇరవై ఇస్తుంది, కాదనను. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే ఊళ్ళో పదకొండు దాటదు. పైగా దీనికి పొగ పోయే దారిలో మసిని పట్టే ఫిల్టరు ఒకటుంటుంది. బండి ఏకబిగిన ఓ అరగంట వేగంగా పోతేనే ఆ మసి కాలిపోతుంది. నాలుగు కిలోమీటర్లు పోయి ఆగే బండికి మసి పేరుకుపోయి కూర్చుంటుంది. హైబ్రిడ్ తీసుకోండి. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ ఎక్కుతుంది. ఊళ్ళో హాయిగా పదహారు ఇస్తుంది."

వదిన ఆర్డరు ఫారం వెనక రాసుకున్నదీ అదే. తన లెక్క మరొకరి నోట వినడంతో ఆవిడకు సంతోషం కలిగింది. తేలిపోయిందనుకుంది.

"డీజిల్ ఒకసారి నడిపి చూస్తానండీ" అంది చిట్టి.

నడిపి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. తిరుగుదారిలో పాతకారులో కూర్చుని ఒకటే పాట.

"డీజిలే తీసుకుందాం వదినా. ఆ లాగుడే వేరు. కాలు అలా ఆనిస్తే చాలు."

"మనకి లాగుడెందుకే? ఏం మోస్తున్నాం, అద్దాల ట్రేలేగా. ఆవిడ చెప్పింది విన్నావుగా, మసి పడుతుందట."

"సేల్స్ వాళ్ళు సవాలక్ష చెప్తారు. వాళ్ళకి ఏది అమ్ముడుపోకపోతే అది మంచిదంటారు."

"ఆవిడ అలాంటి మనిషిలా లేదు. నేను చదివిందీ అదే."

చిట్టి రోడ్డు వైపే చూస్తూ అంది.

"పద్నాలుగేళ్ళలో నేను నిన్ను ఏదైనా కావాలని అడిగానా వదినా?"

అడగలేదు. ఆ మాటతో వదిన కరిగిపోయింది. చేతిలోని ఆర్డరు ఫారం మడిచి సంచిలో పెట్టేసుకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతి చెబితే భర్త తలెత్తకుండానే "దానికి నచ్చింది తీసుకోనీ. తిరిగేది అదేగా" అన్నాడు. పదిరోజుల్లో ముదురు నీలంరంగు డీజిల్ సెడాన్ ఇంటి ముందుకొచ్చింది. వీధిలోవాళ్ళు నిలబడి చూశారు. తాళంచెవి చిట్టి చేతికే ఇచ్చింది వదిన. తను మామూలుగా పాతకారులోనే వర్క్‌షాపుకు వెళ్ళొచ్చేది. కొత్తబండిలో ఎప్పుడైనా ఎక్కితే పక్కసీట్లో కూర్చునేది.

తర్వాత నెలలు ఎప్పటిలాగే గడిచాయి. మంగళవారం, శుక్రవారం చిట్టి పొద్దున్నే బయల్దేరేది. "ఊరవతల కొత్త షాపులు చాలా వచ్చాయి వదినా, అన్నీ చుట్టబెట్టాలి" అనేది. చీకటిపడే వేళకు అలిసిపోయి వచ్చేది. "కాస్త తగ్గించుకోవే, ఒళ్ళు హూనమైపోతోంది" అని వదిన చిట్టి కోసం వేణ్ణీళ్ళు పెట్టేది.

మూడోనెలలో మాస్టరు పని మానేశాడు. వర్క్‌షాపులో మొట్టమొదటి పనివాడు ఆయన. అద్దం అరగదీయడంలో వదిన తర్వాత ఆయనే. చూపు మసకేస్తోందనీ, ఇక చెయ్యలేననీ, కూతురి దగ్గరికి వెళ్ళిపోతాననీ చెప్పాడు. వదినకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఆయన కళ్ళు పరీక్ష చేయించి, కొత్త కళ్ళజోడుకు అద్దాలు తనే స్వయంగా తయారుచేసింది. "మాస్టారూ, దీంతో పేపరైనా చదువుకోండి" అని చేతిలో పెట్టింది. ఆయన వెళ్ళాక వదిన సామాన్ల గదిలోకి వెళ్ళి ఏడ్చింది. చిట్టి వచ్చి భుజం పట్టుకుని ఓదార్చింది కూడా.

ఆ తర్వాత పెద్దాస్పత్రి ఆర్డర్లు పలచబడ్డాయి. రోజుకు నలభై ట్రేలు వచ్చేచోట పదిహేను. "ఈ రోజులు అంతే వదినా, మళ్ళీ పుంజుకుంటాయి" అంది చిట్టి. షాపుల సంగతి చిట్టికి తెలిసినట్టు తనకేం తెలుసు? వదిన సరేననుకుంది.

అయిదోనెలలో చిట్టికి జ్వరం వచ్చింది. మూడురోజులు మంచం దిగలేదు. దగ్గర్లోని షాపులకు ట్రేలు అందించాల్సి వచ్చి, వదిన కొత్తబండి తాళంచెవి తీసుకుంది. స్టార్టు చేయగానే ఎదురుగా పసుపుపచ్చ దీపం వెలిగింది. సర్వీసు చేయించమని.

వదినకు మండిపోయింది. ట్రేలు ఇచ్చేసి నేరుగా సర్వీసు సెంటరుకు పోనిచ్చింది. అక్కడి సూపర్‌వైజరు గల్లా పక్కన నిలబడి ఎవరితోనో మాట్లాడుతుంటే మధ్యలోనే అందుకుంది.

"బండి కొని అయిదునెలలు. సర్వీసు ఏడాదికని మీ కాగితంలోనే ఉంది. అప్పుడే దీపం వెలిగితే ఏమనుకోవాలి? దీపాలు వెలిగించి గుంజుకునే ఏర్పాటా ఇది?"

పక్కన కూర్చున్నవాళ్ళు తలలు తిప్పారు. సూపర్‌వైజరు మాత్రం చలించలేదు. రోజుకు ఇలాంటివాళ్ళను నలుగురిని చూసే మనిషి.

"ఏడాది, లేదంటే పదిహేనువేల కిలోమీటర్లు మేడం. ఏది ముందొస్తే అది."

"పదిహేనువేలా! మా బండి నెలకి ఏడువందలు తిరుగుతుంది. ఇప్పటికి నాలుగువేలు కూడా దాటి ఉండదు."

ఆయన బండి దగ్గరికి వచ్చి, ఒక తీగ తగిలించి, చేతిలోని పలకలాంటి కంప్యూటరు ఆవిడ వైపు తిప్పాడు. పద్నాలుగువేల ఎనిమిదివందల అరవై.

"మీ మీటరు తప్పు" అంది వదిన. తన గొంతు తనకే పలచగా వినిపించింది.

"కొత్తబండి మీటరు తప్పు చెప్పదండీ."

"అయితే ఆ ఫిల్టరు చూడండి. ఊళ్ళో తిరిగే బండికి మసి పడుతుందన్నారు. ఆ భయం నాకు మొదట్నుంచీ ఉంది."

ఆయన చూశాడు. నవ్వాడు.

"మసా? ఇంత శుభ్రంగా ఉన్న ఫిల్టరు ఈ మధ్య నేను చూడలేదు. సగటు మైలేజీ పద్దెనిమిదిన్నర. ఊళ్ళో తిరిగే బండి చచ్చినా ఇంత ఇవ్వదు. మీ ఇంట్లో ఎవరో దీన్ని వారానికి ఒకటి రెండుసార్లు హైవే మీద, ఒకే వేగంతో, దూరం నడుపుతున్నారు. చెయ్యి చాలా మంచిదండీ వాళ్ళది. చెప్పండి నేనన్నానని."

వదిన ఆయనకు క్షమాపణ చెప్పింది. అరిచినందుకు సిగ్గుపడుతూ బండిలో వచ్చి కూర్చుంది. డీజిల్ బిల్లులు నెలకు రెండే వర్క్‌షాపుకు వచ్చేవి. మిగతా డీజిల్ అంతా చిట్టి సొంత డబ్బుతో పోయించిందన్నమాట. తనకు తెలియకూడదని.

ఎదురుగా తెర మీద దారి చూపించే బొమ్మ నొక్కింది. ఈ మధ్య వెళ్ళిన చోట్లు వరసగా వచ్చాయి. అన్నిటికన్నా పైన ఒక చిరునామా ఉంది. వేరే ఊరు. నూట తొంభై కిలోమీటర్లు.

అక్కడే కూర్చుని చాలాసేపు ఆలోచించింది. ఆలోచించగా ఆవిడకు తోచింది ఒక్కటే. చిట్టి ఎవరినో ఇష్టపడుతోంది! నలభై దగ్గరపడుతున్న వయసులో చెప్పుకోవడానికి మొహమాటపడుతోంది. పిచ్చిది, నాకు చెబితే ఏమంటాననుకుందో! ఆ మాట అనుకోగానే వదినకు గుండె తేలికపడింది. నవ్వు కూడా వచ్చింది. ముందు తనే వెళ్ళి ఇల్లూ వాకిలీ చూసి వచ్చి, జ్వరం తగ్గాక పక్కన కూర్చుని నెమ్మదిగా ఆటపట్టించాలనుకుంది.

మర్నాడు పొద్దున, వర్క్‌షాపులో పని ఎక్కువుందని భర్తతో చెప్పి బయల్దేరింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆయనతో చెప్పిన మొదటి అబద్ధం అదేనని దారిలో గుర్తొచ్చి, కాస్త ఇదిగా అనిపించింది.

ఊరు దాటాక హైవే ఎక్కింది. అంతదూరం ఆ బండిని నడపడం ఆవిడకు అదే మొదలు. ఎంత బాగా పోతోందో! ఇంజను శబ్దమే లేదు. లారీలను దాటాలంటే కాలు ఆనిస్తే చాలు. తెర మీద మైలేజీ అంకె మెల్లమెల్లగా పైకి పాకింది. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిదిన్నర. గంటన్నర పోయేసరికి వదినకు అర్థమైంది, చిట్టి ఎంపికలో తప్పేమీ లేదు. డీజిలే సరైనది. ఈ రోడ్డు మీద, ఇంతదూరం, వారానికి రెండుసార్లు తిరిగేవాళ్ళు డీజిల్ కాక ఇంకేం కొంటారు? షోరూములో సేల్స్ ఆవిడ అడిగిన ప్రశ్నకు సరైన జవాబు తెలిసిన మనిషి పక్కనే నిలబడి, తోలు సీటు తడుముతూ ఊరుకుంది. అంటే ఆ వేళకే ఈ ఊరు ఖాయమైంది. బండి రాకముందే.

నవ్వు కాస్త తగ్గింది వదినకు.

చిరునామా చూపించింది ఇళ్ళున్న వీధిని కాదు. అట్టపెట్టెలు తయారుచేసే షెడ్డు, పాత టైర్ల షెడ్డు, వాటి మధ్య కొత్తగా సున్నం వేసిన ఇంకో షెడ్డు. బోర్డు లేదు. బండి ఆపి దిగగానే లోపలినుంచి శబ్దం వినిపించింది. ఇంకెవరికైనా అది ఏదో మిషను చప్పుడు. వదినకు మాత్రం అది అద్దం పాలిష్ అయ్యే చప్పుడు. పద్నాలుగేళ్ళుగా పొద్దున్నుంచి సాయంత్రందాకా వింటున్నది.

తలుపు తోసి లోపలికి వెళ్ళింది.

ఏడు మిషన్లు, అన్నీ కొత్తవి. వరస మాత్రం పాతదే. అంచు తీసే మిషనుకు ఎడమపక్క నీళ్ళ తొట్టి. అద్దం పరీక్షించే బల్ల కిటికీకి కుడివైపు, వెలుగు భుజం మీదుగా పడేలా. ఆ ఏర్పాటు వదిన రెండేళ్ళపాటు బల్లలు అటూ ఇటూ జరిపి జరిపి కనిపెట్టుకున్నది. గోడవారన ట్రేలు పేర్చి ఉన్నాయి. ప్రతి ట్రే మీదా పెద్దాస్పత్రి చీటీ.

మొదటి మిషను ముందు కూర్చున్నది మాస్టరు. వదిన తయారుచేసిచ్చిన కళ్ళజోడే పెట్టుకుని ఉన్నాడు.

ఆయన తలెత్తి చూసి, గబగబా లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం తత్తరపడ్డాడు, వెంటనే ఆయన మొహం విప్పారింది.

"వచ్చారా వదినా! హమ్మయ్య. మీకు ఎప్పుడు చెప్తారా, ఎప్పుడు చెప్తారా అని నాకు లోపల ఒకటే ఇదిగా ఉందమ్మా. మొత్తానికి చిట్టమ్మ చెప్పేసిందన్నమాట."

వదిన ఆయన కళ్ళజోడు వైపే చూసింది.

"మీ కళ్ళు ఎలా ఉన్నాయి మాస్టారూ?" అంది చివరికి.

ఆయన తల దించుకున్నాడు.

"కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. అప్పుడూ బాగానే ఉన్నాయి. అలా చెప్పమంది. జీతం రెట్టింపు ఇస్తానంది. కూతురి కాపురం ఈ ఊళ్ళోనే. కాదనలేకపోయాను." కాస్త ఆగి, సంజాయిషీలా అన్నాడు. "తప్పు పనయితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదమ్మా. మీ ఇంటి వ్యవహారమే కదా అనుకున్నా. మిషన్లు దించినరోజు మీ సారు కూడా వచ్చారు. బ్యాంకు కాగితాల మీద హామీ సంతకాలు పెట్టింది ఆయనే. సారే దగ్గరుండి చేయించారంటే మీకూ ఇష్టమే అయి ఉంటుంది, ఏదో కారణం చేత రాలేదనుకున్నా..."

వదిన మొహం చూసి ఆయన మాట ఆగిపోయింది.

"సారు మీకు చెప్పలేదా వదినా?"

ఒకామె ఎక్కడినుంచో కుర్చీ తెచ్చింది. వదిన కూర్చోలేదు. నడుస్తున్న మిషను దగ్గరికి వెళ్ళి, అప్పుడే పాలిష్ అయి వచ్చిన అద్దం ఒకటి తీసి, అలవాటు చొప్పున అంచు మీద వేలు పోనిచ్చింది. కింద ఒకచోట మందం తేడాగా ఉంది. "ఇది మళ్ళీ చెయ్యండి" అని బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది.

తిరుగుదారిలో డీజిల్ అయిపోవచ్చింది. బంకు దగ్గర ఆపితే అక్కడి మనిషి కిటికీలోకి వంగి "పెట్రోలా, డీజిలా అమ్మా?" అన్నాడు. "డీజిల్" అని చెప్పి, బిల్లు అడిగి తీసుకుని సంచిలో పెట్టుకుంది.

ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుంది. చెప్పులు విప్పకుండా పై అంతస్తుకు వెళ్ళింది. చిట్టి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన వదిన భర్త చెల్లెలికి మాత్ర విప్పుతున్నాడు. వదిన తాళంచెవి మంచం మీద పడేసింది.

"మీటరు పదిహేనువేలు దాటింది. సర్వీసు చేయించాలట."

చిట్టి తాళంచెవినీ వదిననూ మార్చిమార్చి చూసింది. జ్వరంతో ఎర్రబడ్డ మొహం ఇంకా ఎర్రబడింది. భర్త మాత్ర చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు.

"వెళ్ళావా?" అంది చిట్టి.

"వెళ్ళాను. మాస్టరు కళ్ళు బాగున్నాయట."

"చెబుదామనే అనుకున్నాను వదినా. నీ మీద ఒట్టు."

"ఎప్పుడు?"

"కాస్త నిలదొక్కుకున్నాక. ఇంకో రెండుమూడు నెలల్లో..."

"పెద్దాస్పత్రి ఆర్డర్లు మొత్తం అటు మళ్ళాకా?"

చిట్టి దిండు పక్కకు నెట్టి లేచి కూర్చుంది. గొంతులో జ్వరంతోపాటు ఇంకేదో కూడా ఉంది.

"ఆ ఆర్డర్లు తెచ్చింది నేనే కదా! ఎండనకా వాననకా తిరిగింది నేనే కదా! పద్నాలుగేళ్ళు. ఎక్కడికెళ్ళినా వదిన వర్క్‌షాపు, వదిన పనితనం. నేనెవర్ని? వదిన ఆడపడుచుని. ఒక్కడంటే ఒక్కడు చిట్టి వర్క్‌షాపు అన్నాడా? నాకంటూ ఒకటి ఉండాలనుకోవడం తప్పా?"

"తప్పు కాదు. నాకు చెప్పుంటే మిషన్లు నేనే ఎంచి ఇచ్చేదాన్ని. మాస్టర్ని నేనే పంపేదాన్ని."

"అబద్ధం. వద్దనేదానివి."

"అనేదాన్నేమో. ఆ వద్దనే అవకాశమైనా నాకు ఇవ్వాల్సింది చిట్టీ. పద్నాలుగేళ్ళలో ఏదైనా అడిగానా అన్నావు. ఆ ఒక్కమాటకి, తెలిసి తెలిసి పనికిరాని బండి కొన్నాననుకున్నాను. నీ ముచ్చట తీరింది చాలనుకున్నాను. నువ్వేమో నా డబ్బుతో నా దగ్గర్నుంచి పోవడానికే బండి చూసుకున్నావు."

చిట్టి మొహం తిప్పుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఇంకెప్పుడైనా అయితే వదిన వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసేది. ఇప్పుడు భర్త వైపు తిరిగింది.

"హామీ సంతకం మీరే పెట్టారట."

ఆయన మాత్రను మళ్ళీ కాగితంలో చుట్టాడు.

"మీరిద్దరూ నాకు కావలసినవాళ్ళే. ఎవరి పక్షం మాట్లాడినా రెండోవాళ్ళు బాధపడతారు. మీలో మీరే తేల్చుకుంటారు కదా అని..."

"నాకు తెలియకుండా నేనెలా తేల్చుకుంటానండీ? ఎవరు బాధపడాలో మీరే తేల్చేశారు. ఆ రోజు భోజనాల దగ్గర, దానికి నచ్చింది తీసుకోనీ అన్నారే, అప్పటికే తెలుసా మీకు?"

ఆయన అలవాటుగా బాల్కనీ వైపు చూశాడు. ఆ గదికి బాల్కనీ లేదు.

ఆ చూపుతోనే వదిన లోపల ఏదో తెగింది. చిట్టి చేసింది కోపం తెప్పించింది. కోపానికి మాటలుంటాయి, అరవొచ్చు, తిట్టొచ్చు. ఈ మనిషి రెండునెలలుగా రోజూ రాత్రి తన పక్కన పడుకుని, "పెద్దాస్పత్రి ఎందుకు ఆర్డర్లు తగ్గించిందో అర్థం కావట్లేదండీ" అని తను దిగులుపడుతుంటే, "వస్తాయిలే, పడుకో" అన్నాడు. దాన్ని ఏమని తిట్టాలో ఆవిడకు తెలియలేదు.

పంపకానికి ఆరువారాలు పట్టింది. ప్లీడరు దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వర్క్‌షాపు వదినకు, కొత్త షెడ్డు చిట్టికి. పనివాళ్ళలో ఇద్దరు చిట్టితో వెళ్ళిపోయారు. వెళ్ళేముందు వచ్చి చెప్పి వెళ్ళారు, అంతవరకు నయం. కారు సంగతి వచ్చినప్పుడు చిట్టి తలదించుకుని, "దాన్ని నువ్వే ఉంచుకో వదినా" అంది.

"నాకెందుకు? నేను నెలకి ఏడువందలు తిరిగే మనిషిని. తీసుకెళ్ళు, నీ రోడ్డుకి అదే సరిపోతుంది" అంది వదిన. ప్లీడరు ఆ మాట అర్థం కాక ఇద్దరి మొహాలూ చూశాడు.

పెద్దాస్పత్రి పోయింది. చిట్టి నవ్వుకు అలవాటుపడ్డ షాపులు కొన్ని జారిపోయాయి. మొదట్లో వదిన స్వయంగా షాపులకు వెళ్ళేది. మాట కలపడం చేతకాక, కౌంటరు ముందు నిలబడి అద్దం చేతికిచ్చి "చూడండి" అని ఊరుకునేది. కొందరు చూశారు, కొందరు చూడలేదు. ఇతరులు మావల్ల కాదని తిప్పిపంపే కష్టమైన పవర్లు తీసుకోవడం మొదలుపెట్టింది. ఎక్కువ మందం వచ్చేవి, మెల్లకన్నుకు వేసేవి. పని తక్కువైనా అద్దానికి గిట్టుబాటు ఎక్కువ. ఏడాది తిరిగేసరికి ఎనిమిదిమందికి జీతాలివ్వగలిగింది.

ఇంట్లో భర్త మారిన మనిషయ్యాడు. కాలేజీనుంచి రాగానే ప్రతిదీ చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరు ఏ పుస్తకం తిరిగివ్వలేదో, క్యాంటీన్లో ఎవరితో టీ తాగాడో, ఎవరికి ఫోను చేశాడో. వదిన వినేది. అవునా అనేది. ఇంకేమీ అడిగేది కాదు. తన పనిలో ఏం జరిగిందో మాత్రం చెప్పడం మానేసింది. ఆయన అడిగితే "మామూలే" అనేది.

ఏడాదిన్నర తర్వాత ఒక మధ్యాహ్నం వర్క్‌షాపు ఫోను మోగింది. వదినే ఎత్తింది.

"వదినా, నేను."

పక్కన మిషను నడుస్తోంది. వదిన చెయ్యెత్తి ఆపమని సైగచేసింది.

"చెప్పు."

"ఒక పవరుంది. పెద్దావిడ, రిటైరైన టీచరు. రెండు కళ్ళకీ మైనస్ పద్దెనిమిది దాటింది, పైగా మెల్ల. మాస్టరు మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ తలనొప్పని తిరిగొచ్చింది. నువ్వయితేనే అవుతుందన్నాడు."

వదిన పెన్ను తీసుకుంది. చిట్టి అంకెలు చదివింది. వదిన ఒక్కొక్కటీ తిరిగి చెప్పి రాసుకుంది. ఫ్రేము కొలతలు అడిగింది. ఆ పెద్దావిడ ఎక్కువసేపు చదువుతుందా, నడుస్తుందా అని అడిగింది. చిట్టికి తెలియదు. "కనుక్కుని చెప్పు, దాన్నిబట్టి మధ్య బిందువు మారుతుంది" అంది వదిన.

అంకెలన్నీ అయ్యాయి. చిట్టి ఫోను పెట్టెయ్యలేదు.

"ఒంట్లో బాగుంటోందా వదినా?"

"కుడికన్ను యాక్సిస్ కోణం ఇంకోసారి చెప్పు."

"నూట డెబ్భై అయిదు."

"సరే. గురువారానికి అందుతుంది."

ఆ అద్దాలు ఇంకెవరికీ ఇవ్వకుండా వదినే కూర్చుని రెండురోజులు చేసింది. పార్సిలు కొరియర్ వాళ్ళ చేతికిచ్చిన సాయంత్రం ఇంటికొచ్చి, వేళ్ళ సందుల్లో ఇరుక్కున్న తెల్లటి పాలిష్ పొడి కడుక్కుంటుంటే భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"చిట్టి నీకు ఫోన్ చేసిందట. నన్నడిగే చేసింది. చెయ్యమన్నాను" అన్నాడు. "ఏమంది?"

"పవర్లు చెప్పింది."

ఇంకేమైనా అంటుందేమోనని ఆయన కాసేపు నిలబడ్డాడు. వదిన నీళ్ళు కట్టేసి, చేతులు తుడుచుకుని, స్టవ్ వెలిగించింది.